థాంక్స్‌తో మొదలైన టికెట్

ఆ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ చీపురక్కే. సాయంత్రం ఇంటికి బయల్దేరేలోపు కంప్యూటర్ తెర మీద ఒక్క ఫిర్యాదు కూడా మిగలకుండా ఊడ్చిపారేస్తుంది కాబట్టి ఆ పేరు. మొదట్లో మొహం మాడ్చుకుంది గానీ, పోనుపోను అదే బిరుదనుకోవడం మొదలుపెట్టింది.

ఊపిరి సరిగా అందని వాళ్ళకి, ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లు అద్దెకివ్వడం ఆ కంపెనీ వ్యాపారం. మిషన్‌కి ఏ ఇబ్బంది వచ్చినా జనం కంపెనీ వెబ్‌సైట్ తెరిచి రాస్తారు. రాసిన ప్రతిదానికీ ఒక నంబరు పడుతుంది, దాన్నే టికెట్ అంటారు. పని అయ్యాక చీపురక్క ఆ టికెట్ మూసేస్తుంది. మూసిన మరుక్షణం 'మీ సమస్య పరిష్కారమైంది' అని అవతలివాళ్ళకి మెసేజ్ దానంతటదే వెళ్ళిపోతుంది.

తలనొప్పల్లా ఆ తర్వాతే. మూసిన టికెట్‌కి వాళ్ళు ఏం రాసినా అది మళ్ళీ తెరుచుకుని జాబితాలోకి వచ్చి కూర్చుంటుంది. మర్యాద తెలిసిన మనిషి 'థాంక్స్' అని ఒక్క ముక్క రాసినా అంతే. మేనేజరుకి ఇవేవీ పట్టవు. జాబితా ఖాళీ అయిందా లేదా అన్నదొక్కటే ఆయనకు కావాలి. అందుకని చీపురక్క ఒక ఉపాయం కనిపెట్టింది. జాబితాలో ప్రతి టికెట్‌కీ చివరగా రాసినదాని మొదటి వరుస మాత్రమే కనబడుతుంది. పొద్దున్నే రాగానే థాంక్స్‌తో మొదలైనవాటికి వరసగా టిక్కులు పెట్టి, ఒక్క నొక్కుతో అన్నీ మూసేసేది. వాటిని తెరిచి చూడటం దండగ అనుకునేది. కొత్తగా చేరినవాళ్ళకీ ఇదే నేర్పింది. తిట్లతో మొదలైనవాటిని మాత్రం చివరి అక్షరం దాకా చదివేది. ఎంతైనా గొంతు పెంచినవాడంటే భయం కదా!

ఆ రోజు పన్లోకి దిగీ దిగకముందే ఒకాయన ఫోన్ చేసి, మిషన్ కవరు రంగు వెలిసిందని ఆమెను చెడామడా తిట్టాడు. అంతా విని ఫోన్ పెట్టేసింది. మనసంతా చేదైపోయింది. ఎవరిదైనా ఒక మంచి మాట చదువుకుందామనిపించి, థాంక్స్ అని ఉన్న టికెట్ ఒకటి తెరిచింది.

'థాంక్స్ అండీ. మీరు చెప్పినట్టు మిషన్‌లో దుమ్ము ఆపే జల్లెడ కడిగాక మోత తగ్గింది. అయితే ఊపిరి మాత్రం ఇదివరకటిలా అందడం లేదు. పడుకుంటే ఆయాసం వస్తోంది, కూర్చునే కునుకు తీస్తున్నాను. మీకు వీలున్నప్పుడే ఎవరినైనా పంపండి. ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి.'

చీపురక్క గబగబా పైకి జరిపి చూసింది. అంతకుముందు రాసినవీ ఇలాగే ఉన్నాయి. అన్నీ థాంక్స్‌తోనే మొదలయ్యాయి. ఒక్కోదాని కిందా, మూసినవారు అన్నచోట ఆమె పేరే ఉంది. వెంటనే ఆ ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

అడ్రసు రాసుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తి చూపించింది. "అన్నా, మంచి మిషన్ ఒకటి బండిలో పెట్టు. ఇప్పుడే వెళ్ళాలి."

"సాయంత్రం అటే వెళ్తానక్కా, అప్పుడు చూస్తాలే."

"సాయంత్రం దాకా ఆ మనిషి ఉంటాడో లేదో! లే అన్నా, నీకు దణ్ణం పెడతాను."

మేనేజరు గదిలోంచి తల బయటపెట్టాడు. "మరి ఇక్కడ జాబితా ఎవరు చూస్తారమ్మా?"

"ఉండనివ్వండి సార్," అని వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. ఆ కంపెనీలో ఆమె అలా జవాబివ్వడం అదే మొదలు.

తలుపు తీసింది ఆయన భార్య. ఫోన్ సంగతి అడిగితే, ఆయన్ని వదిలి లేవలేకపోయానంది. ఆయన లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. కిటికీ పక్కన కుర్చీలో, బల్ల మీద దిండు వేసుకుని దాని మీదికి ఒరిగి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టబోతే చేతులు లేవలేదు. మెకానిక్ ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే మీటరు తగిలించి, చూసి, గబగబా కొత్త మిషన్ గొట్టం ఆయన ముక్కుకి పెట్టాడు. తర్వాత పాతదాన్ని పరీక్ష చేశాడు.

"ఇది తిరుగుతోంది గానీ ఏం లాభం లేదక్కా," అన్నాడు మెల్లగా. "దీంట్లోంచి వచ్చేది మామూలు గాలే. ఆక్సిజన్ లేదు."

కాసేపటికి ఆయన మొహంలోకి రంగు వచ్చింది. ఆ దిండు మీదే తల ఆనించి నిద్రపోయాడు. చీపురక్కకి అప్పుడు గానీ గుండె కుదుటపడలేదు. ఆయన బతికాడు, ఇక చాలనుకుంది. అంతలో ఆవిడ పక్కకొచ్చి నిలబడింది.

"ఆసుపత్రికి పోదామని నేను పోరుపెడుతూనే ఉన్నానమ్మా. వింటేనా? మీ మెసేజ్ చూపించేవారు. 'పరిష్కారమైందని వాళ్ళే రాశారు కదే. మిషన్ బాగానే ఉంది, నా ఊపిరితిత్తులకే కాలం తీరింది' అనేవారు. నిన్న మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని, తన తర్వాత నన్నెలా చూసుకోవాలో కూడా చెప్పేశారు. నేనూ నమ్మేశాను."

మెకానిక్ తల దించుకుని సామాను సర్దుతున్నాడు. నోరు మూసుకుని వెళ్ళిపోయినా అడిగేవాళ్ళు లేరు. కానీ చీపురక్క కాళ్ళు కదల్లేదు.

"అమ్మా, అది బాగుచేసి రాసింది కాదు. బాబాయిగారు రాసినవి నేను చదవలేదు. పైన థాంక్స్ అని కనబడితే చాలు, లోపల ఏముందో చూడకుండా మూసేస్తాను. మూస్తే ఆ మెసేజ్ దానంతటదే వస్తుంది. తప్పంతా నాదే."

ఆవిడ అరుస్తుందని, చెయ్యి చేసుకున్నా చేసుకుంటుందని ఆమె ఎదురుచూసింది. అలా చేసినా బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ మాత్రం నిద్రపోతున్న భర్త వైపు చూసి, దుప్పటి ఆయన భుజం మీదికి లాగి, చీపురక్క వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలనే అడిగింది.

"ఆయనకి ఒకరిని మాటనడం చేతకాదమ్మా. ఇక మీదట నేనే రాస్తాను. మొదటి మాట ఏం రాస్తే చదువుతారో చెప్పు తల్లీ, నేర్చుకుంటాను."