బల్లరాయి దాకా

బస్సు తలుపు తెరుచుకోగానే ముందు చలి ఎక్కుతుంది. మనుషులు తర్వాత దిగుతారు.

చలి... దాని వెనకే దేవదారు జిగురు వాసన.

ఆమె మెట్టు మీదే ఆగిపోతుంది. వెనకవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఏడాదికి నాలుగుసార్లు దొరికే గాలి ఇది, గుండెల నిండా పీల్చుకుంటే తప్ప ఆమె అక్కణ్ణించి కదలదు.

ఆమె పుస్తకాలకు బైండింగు చేస్తుంది. సందు చివర, రెండో అంతస్తులో, ఒకే కిటికీ ఉన్న గది. బల్ల మీద మైదా జిగురు గిన్నె, మైనం రాసిన దారం, చెక్క ప్రెస్సు కింద అణిగిమణిగి కూర్చున్న పుస్తకాలు. సూది గుచ్చడం, దారం లాగడం, ముడి బిగించడం. తల ఎత్తితే కిటికీలో ఎదురింటి గోడ. ఆ గోడలో చూడదగ్గది ఏమీ లేదని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

అందుకే కొండ.

కొండకు తోడు వదిన. భర్తకు అక్క, ఆస్పత్రిలో నర్సు. వదినామరదళ్ళు కలిసి ప్రయాణమా అని మొదట్లో చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. భర్త మాత్రం ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. "మీ ఇద్దరి కబుర్లు భరించలేక ఎప్పుడో ఆ కొండే లేచి వెళ్ళిపోతుంది" అంటాడు. తను మాత్రం రాడు. ఆదివారం పూట కుర్చీ వదలడం ఆయన జాతకంలోనే లేదు.

తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నారు. ప్రతి కాలంలోనూ ఒకసారి.

వసంతంలో కొండంతా నీళ్ళ చప్పుడు. రాయి కింద ఒక ధార, వేరు పక్కన ఒక ధార, నడిచే దారి మధ్యలో సిగ్గులేకుండా ఇంకో ధార. మంచు ఇంకా పూర్తిగా కరగనైనా కరగదు — దాన్ని చీల్చుకుని ఊదారంగు పూలు తల ఎత్తుతాయి. వేలెడంత లేవు, ఏం ధైర్యం వాటికి! ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చూస్తుంది. వదిన ఆమె వీపు మీదికి శాలువా లాగుతుంది, నర్సు కదా.

వేసవిలో సరస్సు. పడవ అద్దెకు తీసుకుంటారు. ఎవరు తెడ్డు పట్టినా పడవ గుండ్రంగానే తిరుగుతుంది. తిరగనీ. నీళ్ళలో కొండ తలకిందులుగా ఉంటుంది, దాని చుట్టూ వీళ్ళ నవ్వులు. చెయ్యి ముంచితే వేళ్ళు కొంకర్లు పోతాయి. అయినా ముంచుతుంది... మళ్ళీ మళ్ళీ ముంచుతుంది.

ఆకులు రాలే కాలంలో అడవంతా పసుపు. పసుపులోంచి సైకిళ్ళ మీద వెళ్తారు. చక్రాల కింద ఆకులు గలగలమంటాయి. పొగమంచు వచ్చి ముందు వెళ్తున్న వదినను కాసేపు మాయం చేసి, మళ్ళీ తెచ్చి ఇచ్చేస్తుంది. ఆ కాసేపూ ఆమెకు ఊపిరాడదు.

చలికాలంలో తెలుపు. ఇద్దరూ చిన్నపిల్లల వెనకాల వరసలో నిలబడి, చక్రాల్లేని ఒకే చెక్కబండి ఎక్కి, మంచు వాలు మీంచి జారతారు. అప్పుడు వదిన పెట్టే కేక ఆస్పత్రిలో ఎవరూ విని ఉండరు. వింటే రోగులు లేచి పారిపోతారు.

ఏ కాలమైనా చివరికి శిఖరం దారి.

ఏ కాలమైనా బల్లరాయి దాకానే.

సగం దారిలో ఉంటుంది ఆ రాయి. ఇద్దరు కూర్చోవడానికి ఎవరో చెక్కినట్టు నున్నగా, వెడల్పుగా. అక్కడికి రాగానే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని "అబ్బ... ఇక నావల్ల కాదు వదినా" అంటుంది. వదిన వెంటనే "నావల్లా కాదే" అని కూలబడుతుంది. ఒక్కోసారి వదినే ముందు అంటుంది. ఫ్లాస్కులోంచి టీ తాగుతారు. దిగిపోతారు.

నిజానికి ఆమెకు అలసట లేదు. ఆ రాయి దాకా వచ్చేసరికి కాళ్ళు అప్పుడే దారిలో పడతాయి.

మొదటి ఏడు వసంతంలో అదే రాయి మీద వదిన మోకాలు పట్టుకుని ముఖం ముడుచుకోవడం ఆమె చూసింది. కుట్లు వదులైన పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలో ఆమెకు తెలుసు. గట్టిగా తెరవకూడదు. నీ మోకాలు బాగాలేదు వదినా అంటే వదిన పౌరుషానికి పోయి పరుగున ఎక్కేస్తుంది. అందుకని అలసట తన మీద వేసుకుంది. తొమ్మిదేళ్ళుగా వేసుకుంటూనే ఉంది. అంత బాగా నటిస్తున్నందుకు లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

కానీ శిఖరం అవతల ఏముందో చూడాలి.

ఆ కోరిక ఈమధ్య మరీ ఎక్కువైంది. పోయిన ఏడు ఒక పాత అట్లాసు బైండింగుకు వచ్చింది. అందులో ఈ కొండ ఉంది. సెలయేళ్ళు, సరస్సు, శిఖరం — అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు. ఎవరు చింపారో, ఎప్పుడు చింపారో. లేని పేజీని లేనట్టే కుట్టి, అట్టవేసి ఇచ్చేసింది. ఆ రోజు అన్నం సయించలేదు.

ఈ చలికాలం వచ్చారు.

కొండ కింద బూట్లు అద్దెకిచ్చే ముసలాయన ఉంటాడు. అడుగున ఇనపముళ్ళున్న బూట్లు. తొమ్మిదేళ్ళుగా వీళ్ళ కాళ్ళ కొలతలు ఆయనకు నోటికి వచ్చు. తాళ్ళు బిగిస్తూ బిగిస్తూ తల ఎత్తాడు.

"అడగకూడదేమో గానీ అమ్మా... ఎప్పుడూ సగంలోనే తిరిగొచ్చేస్తారు. మీ ఇద్దరిలో ఒంట్లో బాగోనిది ఎవరికి?"

"ఆవిడకి."

రెండు గొంతులు. ఒకే మాట. రెండు వేళ్ళు ఎదురెదురుగా లేచాయి.

ముసలాయన తాళ్ళు వదిలేసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నీకు గుండె జబ్బు కదటే?" అంది వదిన.

"నాకా? ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మొదటిసారి వచ్చినప్పుడు పిల్లికూతల్లాంటి ఆయాసం నీకు! నేను నర్సును, నా చెవులు నాకు అబద్ధం చెబుతాయా?"

"అప్పుడు జలుబు వదినా! వారం రోజులు ముక్కు పని చెయ్యలేదు! నీ మోకాలో మరి?"

"బస్సు మెట్టు తగిలింది. సాయంత్రానికి తగ్గిపోయింది."

నవ్వు వచ్చింది. ఆపుకోలేని నవ్వు. ముసలాయన కూడా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక... కళ్ళు తడిగానే ఉన్నాయి.

తొమ్మిదేళ్ళు. పూలు, పడవలు, పసుపు, తెలుపు — అన్నీ సగం దాకానే. ప్రేమతోనే చేశారు. ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది.

"నన్ను తొమ్మిదేళ్ళు ముసలిదాన్ని చేశావు కదే!"

"నువ్వు నన్ను రోగిష్టిదాన్ని చెయ్యలేదూ?"

వదిన లేచింది. "ఇవాళ ఎవరికి ఎలా ఉంటే అలాగే చెప్పాలి. మొహమాటాలు బంద్. ఒట్టు."

"ఒట్టు."

బల్లరాయి వచ్చింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఎవరూ కూర్చోలేదు.

రాయి దాటిన మొదటి అడుగు. ఇదే కొండ. ఇదే మంచు. అయినా అంతా కొత్త. చెట్లు పొట్టివై, ఇంకా పొట్టివై, ఆగిపోయాయి. ఆకాశం దగ్గరికొచ్చింది. నీలం ఇంత నీలంగా ఉంటుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మంచు మీద ఏదో పిట్ట నడిచి వెళ్ళిన గుర్తులు, మూడేసి గీతలు, దారి పొడుగునా. దానికి లేని మొహమాటం మాకెందుకు వచ్చిందా అనుకుంది.

శిఖరం కనిపించింది. యాభై అడుగులు. మహా అయితే అరవై.

వెనకాల అడుగుల చప్పుడు ఆగింది.

"నేను ఇక ఎక్కలేను" అంది వదిన.

ఆమె తిరిగి చూసింది. ఇన్నేళ్ళూ ఆ మాట ముందు ఒక "అబ్బ" ఉండేది, నడుం మీద చేతులుండేవి. ఇప్పుడు ఏవీ లేవు. వదిన కర్రకు ఆనుకుని నిలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. ఎడమ కాలు నేలకు పూర్తిగా ఆనడం లేదు.

"పోయిన ఏడు నుంచి నిజంగానే నొప్పి" అంది. "రోజంతా నిలబడే ఉద్యోగం కదా. అరిగిపోయింది. కింద చెబుదామనుకున్నా... నీ ముఖం చూస్తే నోరు రాలేదు."

అంటే తొమ్మిదేళ్ళలో ఎనిమిదేళ్ళు ఎక్కగలిగే మోకాలే.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. దాచుకోలేదు.

"దిగిపోదాం వదినా. నాకూ..."

"ఒట్టు పెట్టావు" అంది వదిన. "వెళ్ళు. చూసొచ్చి చెప్పు."

ఆమె వెళ్ళింది. ఒక్కో అడుగూ తప్పు చేస్తున్నట్టే ఉంది. అయినా కాళ్ళు తేలికగా, సంతోషంగా, వినకుండా ఎక్కేశాయి.

చివరి అడుగు.

అవతల...

కొండల వెనక కొండలు. వాటి వెనక ఇంకా కొండలు. దగ్గరివి తెల్లగా, ఆ వెనకవి నీలంగా, ఆ పైన ఉన్నాయో లేవో తెలియనంత పల్చగా. లోయలో నది ఒకటి, ఎండ పడి మెరుస్తోంది. ఇంకెక్కడో కింద మేఘం నీడ ఒకటి తీరిగ్గా పోతోంది. అంతా ఇక్కడే ఉంది. తొమ్మిదేళ్ళూ ఇక్కడే ఉంది, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, ఎవరు రాకపోయినా ఇంత అందంగా. ఆమె చేతులు రెండూ గుండె మీదికి వెళ్ళాయి.

"ఏముందే అటువైపు?"

వదిన గొంతు. సగం గాలే తినేసింది.

ఏమీ లేదు వదినా, అంతా మబ్బే... ఆ మాట నోటి చివరిదాకా వచ్చేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు మరి. ఆ ఒక్క మాట అంటే చాలు. వదినకు బెంగ ఉండదు. ఇద్దరూ నవ్వుకుంటూ దిగిపోవచ్చు.

ఆమె పెదవి కొరుక్కుంది.

"చాలా ఉంది వదినా!" అని అరిచింది. "చాలా... చాలా ఉంది!"





కింద మంచులో ఒక అడుగు పడింది. ఆగింది. ఎక్కే అడుగో, దిగే అడుగో చప్పుడును బట్టి తెలియలేదు. తిరిగి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఇంకో అడుగు.

చేతి తొడుగు తీసేసి, చెయ్యి వెనక్కి, కిందికి చాచి, ఆమె అలాగే నిలబడింది.