నీలం దీపం కింద బల్ల

మా ఆయన దేవేంద్రకు మెరిసే వస్తువు కనబడితే చాలు, అదెందుకు మెరుస్తోందో అక్కర్లేదు. తిరుపతిలో మాకున్న లాడ్జి బోర్డు చుట్టూ పరుగెత్తే రంగు లైట్లు చూస్తేనే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. నా చేపల తొట్టిని కూడా ఆ పిచ్చితోనే పాడుచేశాడు.

తొట్టి నాది. లాడ్జి పై అంతస్తులో మేముండే ఇంట్లో, కిటికీ పక్కన పెట్టుకుని బంగారు చేపలను పెంచుకుంటున్నాను. ఎండ తగిలి నీళ్ళు పాలకూర పప్పులాగా పచ్చగా తయారయ్యాయి. ఫిల్టరు చెత్తను పట్టుకుంటుంది కానీ, నీళ్ళలో తేలే సన్నటి నాచు దానికి చిక్కదు. అందుకని యూవీ దీపం కొన్నాను. ఫిల్టరులోంచి వచ్చిన నీళ్ళు ఒక నల్లటి గొట్టంలోకి వెళ్తాయి. ఆ గొట్టం లోపల వెలిగే దీపం నాచునూ క్రిములనూ చంపుతుంది. శుభ్రమైన నీళ్ళు మళ్ళీ తొట్టిలో పడతాయి. దీపం చేపలకు కనబడదు, మనకూ కనబడకూడదు. గొట్టం బయట దాన్ని వెలిగిస్తే కళ్ళూ చర్మమూ కాలిపోతాయని అంగడతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కొన్నాళ్ళకే నీళ్ళు తేటపడ్డాయి.

గొట్టం చివర సందులోంచి కాస్త నీలం వెలుగు కనబడేది. మా ఆయన దానిమీద మనసు పడ్డాడు. ఇంత అందమైన వెలుగును దాచిపెట్టడమేమిటని సణిగేవాడు. కళ్ళు పోతాయని నేను చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. మా నాయనకు ఒంట్లో బాగాలేదని నేను పుత్తూరు వెళ్ళడమే ఆలస్యం, తొట్టిని కింద రిసెప్షన్‌లోకి దింపించి, దీపాన్ని గొట్టంలోంచి ఊడబీకి, తొట్టి పైన గోడకు వేలాడదీశాడు. గదుల కోసం కాచుకునే భక్తుల బల్ల సరిగ్గా దాని కిందే ఉంది.

నేను తిరిగి వచ్చి లోపల అడుగుపెట్టగానే ముందు కనబడింది ఆ నీలం వెలుగు. పరుగున వెళ్ళి స్విచ్చి ఆపాను. అప్పుడు వినబడింది బిడ్డ ఏడుపు.

మూడేళ్ళ పిల్లవాడు, కొత్త గుండు. తల్లి చాందిని వాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతోంది. కళ్ళు తెరవలేక వాడు ముఖాన్ని ఆమె మెడలో దాచుకుంటున్నాడు. పక్కనే ఆమె అత్త తిరుమలమ్మ నిలబడి, వచ్చేపోయేవాళ్ళందరికీ వినబడేలా కోడల్ని కడిగేస్తోంది. వాళ్ళది పలమనేరు. నిన్న కొండమీద బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించుకుని దిగారు. గది ఖాళీ అయ్యేదాకా చాలాసేపు ఈ బల్ల మీదే కూర్చున్నారు. తల్లి భుజం మీద తల ఆనించుకుని బిడ్డ వెనక్కి ఆ నీలం వెలుగునే చూస్తూ ఉన్నాడట. రాత్రికి బిడ్డ తల కందిపోయింది, కళ్ళలో ఇసుక పోసినట్టు అల్లాడిపోయాడు.

తిరుమలమ్మ లెక్క వేరు. మొదటి ఏడే తీర్చాల్సిన మొక్కును కోడలు సాగదీసింది, స్వామికి కోపం వచ్చింది, ఇదీ ఆమె తీర్పు. అందుకని చాందిని ఈరోజే కొండకు పోయి తన తలనీలాలు ఇవ్వాలని, ఆమెను అడగకుండానే పొద్దున మొక్కేసుకుంది. చాందిని మొగుడు సంచుల దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఆమె జడ మోకాళ్ళ దాకా ఉంది.

ఇష్టంగా మొక్కుకుని జుట్టు ఇచ్చే ఆడవాళ్ళను నేను రోజూ చూస్తాను, మనసులోనే దండం పెట్టుకుంటాను. ఇది మొక్కు కాదు, శిక్ష. అదీ మా గోడకు వేలాడుతున్న దీపం చేసిన పనికి.

నా ముఖం చూడగానే కౌంటరులో ఉన్న మా ఆయనకు విషయం అర్థమైంది. చెయ్యి పట్టుకుని కౌంటరు వెనక గదిలోకి లాక్కుపోయాడు. ఎవరైనా ఒక్కరు ఫోన్లో మన గురించి చెడుగా రాసి పెట్టినా లాడ్జికి మనిషన్నవాడు రాడని, రెండు రోజుల్లో బిడ్డకు అదే తగ్గిపోతుందని, మనకెందుకొచ్చిన గొడవని బతిమాలాడు. చివరికి గొంతు తగ్గించి, "స్వామికి కోపమొచ్చిందని వాళ్ళే అనుకుంటుండారు. అనుకోనీ. దేవుని మీద ఎవురూ కేసు పెట్టరు, రాజీ" అన్నాడు.

అంతవరకూ నాకు కోపమే. ఆ మాటతో అసహ్యం పుట్టింది. చెయ్యి విదిలించుకుని బయటికి వచ్చాను.

బిడ్డ దగ్గరికి వెళ్ళి తల చూశాను. నిన్న దీపం వైపున్న ఎడమ సగం ఎర్రగా కందింది. తల్లి భుజానికి ఆనుకున్న కుడి సగం మామూలుగానే ఉంది. అందరూ వింటుండగా చెప్పాను, కాల్చింది ఈ దీపమని, తప్పు మాదని, బిడ్డను ఇప్పుడే కంటి ఆసుపత్రికి నేనే తీసుకుపోతానని. స్వామికి కోపమొస్తే సగం తలకే వస్తుందా అని కూడా అడిగాను.

తిరుమలమ్మ ఒప్పుకోలేదు. లైటు కాల్చడమేమిటని, నా వెనకే వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డ మా ఆయన వైపు తిరిగింది. అతను నవ్వు తెచ్చుకుని, అది ఉత్త అలంకారం లైటమ్మా, మా ఆడమనిషికి అన్నిటికీ భయమే అన్నాడు.

నేను మా ఆయన వైపు చూస్తూ స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"అయితే మీరే వచ్చి ఆ బల్ల మీద కూర్చోండి. గుండు కూడా అక్కర్లేదు. నిన్న ఆ బిడ్డ కూర్చున్నంత సేపు కండ్లు తెరుసుకోని కూర్చోండి సాలు. నేను లైటేస్తా."

మా ఆయన కదల్లేదు. కౌంటరు వెనకే నిలబడి, సర్దిన కాగితాలనే మళ్ళీ మళ్ళీ సర్దాడు. తిరుమలమ్మ అతని ముఖం చూసింది, బల్ల చూసింది, మళ్ళీ అతని ముఖం చూసింది. ఆమెకు అర్థమైపోయింది. అయినా కోడలి ముందు తగ్గడం ఆమెకు చేతకాలేదు.

"లైటో గీటో, నాకు తెల్దు. స్వామికి నీలాలిస్తామని మొక్కుకున్నాక ఇయ్యాల్సిందే" అంది.

చాందిని బిడ్డను మొగుడి చేతుల్లో పెట్టింది. జడను ముందుకు తెచ్చుకుని, అత్త ఎదుట నిలబడింది.

"మొక్కుకున్నది నువ్వు గదా అత్తా, నీ నీలాలే ఇయ్యి" అంది.