ప్రతి సైటుకూ ఒక ఫోన్

అల్లం వేరు కాదు, కాండం. జహీరాబాద్‌లో అల్లం పండించే ఇంట్లో పుట్టినదాన్ని, పైగా బీఎస్సీ చదివినదాన్ని, నాకు ఆమాత్రం తెలియదా? ఉద్యోగ పరీక్ష పెట్టిన మహానుభావులకే తెలియలేదు. ‘కీ’లో వేరు అని ఇచ్చారు. అందరూ అనుకుంటున్న కటాఫ్‌కు నేను సరిగ్గా ఒక్క మార్కు కింద ఉన్నాను. అభ్యంతరం పంపడానికి ఆరోజు సాయంత్రం ఐదు వరకే గడువు. రుజువుగా ఏదైనా పుస్తకంలోని పేజీ జత చేయాలి.

పుస్తకం మా రేవణసిద్ధప్ప స్మారక గ్రంథాలయంలోనే ఉంది. కంప్యూటరూ ఉంది. అభ్యంతరం పంపే ఫారం ఫోన్లో తెరుచుకోదు. బజారులో పొద్దుటినుంచి కరెంటు లేక నెట్ సెంటర్లన్నీ మూసేశారు. లైబ్రరీకి ఇన్వర్టర్ ఉంది. ఉండి ఏం లాభం! పోయిన నెల ఎవడో కంప్యూటర్లో ఏదో చూశాడని, చైర్మన్ మదన్‌మోహన్ పన్నెండు సైట్లు తప్ప అన్నిటినీ మూయించేశారు. కొత్తది కావాలంటే దరఖాస్తు రాసివ్వాలి. లైబ్రేరియన్ వెంటనే చైర్మన్‌కు ఫోన్ చేసి అడగాలి. ఇదంతా గోడకు అంటించిన కాగితం మీద ఆయన సంతకంతో సహా ఉంది.

రెండున్నరకు లైబ్రేరియన్ బసవరాజ్ సార్ నా దరఖాస్తు చదివి, ఫోన్ స్పీకర్లో పెట్టారు. చైర్మన్ న్యాల్‌కల్‌లో ఏదో పెళ్లిలో ఉన్నారు.

“పరీక్షల పేరు జెప్పి ఏమేమో చూస్తరు. రేపొచ్చి నా కండ్లతోని చూసినంక చెప్త” అని పెట్టేశారు.

“రేపటికి గడువు అయిపోతది సార్!” అన్నాను.

“నేనేం జేయాలె బిడ్డా? పాస్‌వర్డ్ నా దగ్గరనే ఉంది, హుకుం ఆయనది. నా నౌకరీకి ఎసరు పెట్టకు జర.”

నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం ధన్‌మని బల్ల మీద వేస్తే పేపర్లు చదువుకునే పెద్దమనుషులందరూ తలలెత్తారు. పక్క కుర్చీలో శ్వేత ఉంది. మూడేళ్లుగా మాది ఒకే బల్ల, అదే పరీక్ష తనూ రాసింది. నా మొహం చూసి, లేచి వెళ్లి గోడమీద కాగితాన్ని మళ్లీ చదివింది.

“రోజుకు ఇన్నే దరఖాస్తులని యాడనన్న రాసిందా ఇండ్ల? లేదు గదా. పా, అడుగుదాం” అంది.

తిన్నగా వెళ్లి రామచందర్ తాత ముందు తెల్లకాగితం పెట్టింది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆయనకు ఇలాంటి తుంటరి పనులంటే ప్రాణం. ‘మోకాళ్ల నొప్పికి తైలం కాచే విధానం చూడవలెను’ అని గుండ్రంగా రాసిచ్చారు. బసవరాజ్ సార్ రూలు ప్రకారం ఫోన్ చేశారు. చైర్మన్ వద్దన్నారు. రెండో పెద్దమనిషి బీదర్ బస్సుల టైములు అడిగారు. మూడో ఆయన మనవడికి పిల్లను వెతకాలన్నారు.

“సార్, గొర్రెకు కడుపుబ్బితె ఏం తాపియ్యాలె అని ఇంకొక దరఖాస్తు...”

“బంతిల కూసున్న బసవరాజ్! నోట్ల బువ్వ ఉంది!”

“రూలు మీరు వెట్టిందే గద సార్” అన్నారు బసవరాజ్ సార్ ఎంతో వినయంగా. మూడేళ్లలో ఆయన నవ్వు ఆపుకోవడం నేను చూసింది అప్పుడే.

తొమ్మిదోది శ్వేతే రాసింది. ‘పెళ్లి భోజనం మధ్యలో మాటిమాటికీ లేచే మనిషికి అరుగుదల ఎట్లుంటుంది? వివరములు కావలెను.’ సార్ అక్షరం పొల్లుపోకుండా చదివారు. అవతల ఎవరో పకపకా నవ్వారు.

“అన్నీ తెరువు! మొత్తం తెరువు! ఇంకొక్కసారి ఫోన్ జేసినవంటే చూడు మళ్ల!” అని అరిచారు చైర్మన్.

నాలుగూ నలభైకి నా సైటు తెరుచుకుంది. పేజీ ఫొటో ఎక్కించి పంపేసరికి ఐదుకు ఆరు నిమిషాలుంది. తాతలు చప్పట్లు కొట్టారు. నేను శ్వేత మెడ చుట్టూ చేతులేసి సిగ్గులేకుండా ఏడ్చేశాను.

బస్టాండు దాకా నా నోటికి మూతే లేదు. “నీకు గూడ ఒక మార్కు కలుస్తది పిల్లా! నువ్వు కాండమే పెట్టినవ్ గదా?” అన్నాను.

“వేరు పెట్టిన” అంది.

కీ మారితే శ్వేతకు వచ్చిన మార్కు పోతుంది. అదీ కటాఫ్ అంచునే ఉంది.

“మరి గింత తమాషా ఎందుకు జేసినవే?”

“ఊకుంటే నౌకరీ నాకు వస్తుండె, నిజమే. కానీ నువ్వు జిందగీ అంత అల్లం కాండం, అల్లం కాండం అని నా పానం తీస్తుంటివి.”

నవ్వబోయి, చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. “నొప్పి లేస్తున్నది, ఇడువే” అని ఎంత మొత్తుకున్నా అది ఎక్కాల్సిన కోహీర్ బస్సు వచ్చేదాకా వదల్లేదు.