కేళీలు లేని మడి

మా విత్తన కేంద్రంలో నా పేరు దువ్వెన. నా మడిలో ఒక్క కేళీ ఉండదని అలా పెట్టారు. కేళీలంటే ఒక రకం వరిలో కలిసిపోయిన వేరే మొక్కలు, కంకి వేసే వేళకు పీకెయ్యాలి. ఆ పేరు వింటే సిగ్గులేకుండా మిడిసిపడేదాన్ని.

ఇరవై ఏళ్ల కిందట చిన్నాన్న తన పల్లపు చేలో వడ్లు ఒక డబ్బాడు తెచ్చి మా చల్లగదిలో దాచమన్నాడు. వరద ముంచినా బతికే వడ్లు. ఆ తర్వాత ఆయనా అందరిలాగే ఎక్కువ పండే కొత్త రకానికి మారాడు. ఇంట్లో పాతవి ఒక్క గింజ మిగల్లేదు. ఇప్పుడు వరసగా మూడేళ్లు చేను మునిగి కొత్త రకం కుళ్లిపోయింది. మూడు నెలల కిందట వచ్చాడు.

"నీ ఫ్రిజ్‌లో నా వడ్లు కులాసాగా ఉన్నాయా అమ్మాయ్? ఇంక నాకిచ్చెయ్. ఈసారీ మునిగితే చేను వదిలేసి ఎవరింటి గేటు దగ్గరో కాపలా కూర్చోవడమే."

ఇచ్చేముందు పరీక్షించాలి. నారు పోసి, మూడు వారాల మొక్కల్ని నీళ్ల తొట్టిలో నిండా ముంచాను. పద్నాలుగు రోజులకి నీళ్లు తీస్తే అన్నీ బురదకి అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో తాకితే ఊడొచ్చాయి. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

ఇవాళ ఆయన మడత పెట్టిన ఖాళీ సంచితో వచ్చాడు. తొట్టి చూపించాను. వంగి చాలాసేపు చూశాడు.

"ఇవన్నీ పొట్టివే. పొడుగువేవి? గింజలకి ఎర్ర మీసాలుండేవి?"

మొలక శాతం తగ్గుతోందని పన్నెండేళ్ల కిందట ఆ వడ్లని తిరిగి పండించింది నేనే. నాలుగో వంతు మొక్కలు పొడుగ్గా, ఎర్ర మీసాలతో లేచాయి. రకం కల్తీ అయిందనుకున్నాను. మొక్క ఎత్తు రాయడానికి ఫారంలో ఒక్కటే గడి ఉంది మరి.

"పీకేశాను చిన్నాన్నా. కేళీలనుకున్నాను."

"వరదొస్తే నీళ్లతో పాటు పెరిగేవి అవేనమ్మా. పొట్టివి వరద రాని ఏటికి. మా అమ్మ రెండూ కలిపే చల్లేది. నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి."

నేను అడగలేదు. వడ్లు ఇచ్చిన మనిషి ఫోన్ చేస్తే పలికేవాడే, అయినా అడగాలని తోచలేదు. అంత చదువు చదివి చేతులారా చేసుకున్నాను.

"తిట్టు చిన్నాన్నా."

"తిడితే మొలుస్తాయా? ఇంకెక్కడైనా ఉంటాయేమో కనుక్కో."

"రెండోసారీ చచ్చిపోయాక మొన్నే అన్ని కేంద్రాలకీ ఫోన్ చేశాను. వాళ్ల దగ్గరున్నవి మేం పంపినవే, నేను పండించినవే. నువ్విచ్చిన పాత గింజలు కొత్తవి పండగానే పారేశాం. ఎక్కడా లేవు."

అప్పటిదాకా నిలబడే ఉన్న మనిషి తొట్టి అంచు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"అయితే ఆ చేలో నేనేం చల్లనమ్మా?" అన్నాడు.

దెప్పడానికి కాదు. నాకు తెలిసి ఉంటుందనుకుని నిజంగానే అడిగాడు.