కొమ్ము వైద్యుడి వీపు

మలాయి దేశంలో, పేరాక్ రాష్ట్రంలోని సుంగై సుమున్ కొబ్బరి తోటలో నన్ను కొమ్ము కూర్మయ్య అనేవారు. నాకు వైద్యం వచ్చని కాదు, కొమ్ములు నా దగ్గర ఉన్నాయని. చికాకోలు దగ్గరి పల్లె నుంచి ఓడెక్కినప్పుడు మా తాత రెండు పంచెలూ, నాలుగు గేదె కొమ్ములూ తెచ్చుకున్నాడు. పంచెలు చిరిగిపోయాయి. కొమ్ములు మా నాన్న చేతికి, ఆ తర్వాత నా చేతికి వచ్చాయి. హస్తవాసి మాత్రం మా నాన్న దగ్గరే ఆగిపోయింది.

పని చూడ్డానికి తేలిక. కొమ్ము వెడల్పు వైపు నొప్పి ఉన్నచోట ఆనించి, కొసనున్న చిల్లుకు నోరు పెట్టి లోపలి గాలంతా పీల్చాలి. బుగ్గన పెట్టుకున్న మైనం ముద్దను నాలుకతో తోసి చిల్లు మూసేయాలి. ఇక కొమ్ము ఒంటిని పట్టుకుని వదలదు. కాసేపాగి తీస్తే ఆ చోట నేరేడుపండు రంగులో గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. చెడు నెత్తురు పైకొచ్చిందనేవాడు మా తాత. పట్టిన వాయువు వదిలిందనేవాడు మా నాన్న. వచ్చినవాడు దేనికి తలూపితే నేను అది చెప్పేవాణ్ణి.

లోకంలో ఈ విద్య మా ఇంట్లోనే ఉందని చాలాకాలం నమ్మాను. తెలుక్ ఆన్సన్ బజార్లో చీనా వైద్యుడొకాయన వెదురు గొట్టాల్లో మంట చూపించి ఇదే పని చేస్తుంటే చూసి నాకు ముద్ద దిగలేదు. పక్క ఊరి మలాయి ముసలాయన దగ్గరైతే అచ్చం మావిలాంటి కొమ్ములే ఉన్నాయి. దాన్ని వాళ్ళు బెకాం అంటారట. ఇద్దరూ మా తాత దగ్గరే నేర్చుకుని ఉంటారని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఇన్ని వీపుల మీద కొమ్ములు పెట్టిన నేను, నా వీపు మీద ఎన్నడూ పెట్టించుకోలేదు. భయం. ఆ మాట చెప్పుకోలేక, పెట్టేవాడు పెట్టించుకుంటే కొమ్ముకు గుణం పోతుందని ఒక శాస్త్రం పుట్టించాను. కూలీల లైను ఇళ్ళలో అందరూ నమ్మారు. నా భార్య పాపమ్మ నమ్మలేదు. కొమ్ములు కడిగేదీ, మైనం మెత్త చేసేదీ తనే కాబట్టి నా శాస్త్రాలు ఎక్కడ పుడతాయో తనకు తెలుసు.

అది యాభై ఏడో సంవత్సరం. ఆగస్టు ఆఖరున మెర్డేకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం. ఆ పండక్కి పక్క తోటవాళ్ళతో తాడు లాగుడు పందెం పెట్టుకున్నాం. మా జట్టుకు పెద్ద, అప్పడు అనే కాయలు ఒలిచే మనిషి. నేను బక్కవాణ్ణి గనక గట్టుమీద నిలబడి అరిచే ఉద్యోగం ఇచ్చారు. పండక్కి ముందు ఆదివారం భుజం పట్టేసిందని అప్పడు వస్తే కొమ్ము పెట్టాను. ఊరుకోవచ్చు కదా. కొమ్ము పడిన భుజానికి బలం రెండింతలవుతుందని కూడా అన్నాను. సాయంత్రానికి జట్టు జట్టంతా నా గుమ్మంలో ఉంది. నొప్పి ఉన్నవాడికీ లేనివాడికీ, అందరికీ కుడి భుజం మీదే, ఒకే చోట పెట్టాను. ఆ రాత్రి నా అంత వైద్యుడు పేరాక్‌లో లేడనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పనికి హాజరు పలికే చోట లారీ ఆగి ఉంది. తుపాకులతో సిపాయిలు, ఒక తెల్ల దొర, దుబాసీగా సెల్లప్పన్ అనే అరవాయన. కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. అడవిలో దాక్కున్నవాళ్ళకు ఎవరో బియ్యం మోస్తున్నారట. మూటల తాళ్ళు భుజాల మీద మచ్చలు పెడతాయి గనక చొక్కాలు విప్పమన్నారు.

ముందు వరసలో ఉన్న మా జట్టువాళ్ళు విప్పారు. వరసగా కుడి భుజాలన్నిటి మీదా నేరేడుపండు ముద్రలు. వాటి పక్కన పందెం తాడు ఒరుసుకున్న గీతలు. దొర ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు. మలాయి కానిస్టేబుల్ ఒకతను "బెకాం, తువాన్" అని దొరకు నెమ్మదిగా చెప్పి చూశాడు. దొర ఏదో అన్నాడు. సెల్లప్పన్ దాన్ని అరవంలో మాకు వినిపించాడు.

"వైద్యమైతే ఇంతమందికి ఒకేరోజు, ఒకే భుజానికి నొప్పి వచ్చిందా అని అడుగుతున్నారు. ఇది ఏదో ముఠా ముద్ర అంటున్నారు."

నిజం చెప్పొద్దూ, దొర మాటలో తప్పేం కనబడలేదు నాకు.

"అడిగో, ఆడే ఎట్టినాడు" అంటూ అప్పడు నా వైపు చెయ్యి చూపించాడు.

నా చొక్కా విప్పించారు. మచ్చలేని వీపు. ఇంతమందికి ముద్ర వేసి తను వేయించుకోనివాడు నాయకుడై ఉంటాడని దొర తేల్చాడు. నన్ను ఎవరైనా నాయకుడనడం అదే మొదలు.

లారీ ఎక్కితే సంగతేమిటో అందరికీ తెలుసు. పక్క తోట నుంచి తీసుకెళ్ళిన గంగయ్యను విచారణ లేకుండా జైల్లో ఉంచి ఉంచి, చివరికి ఇండియా ఓడ ఎక్కించేశారు. పుట్టింది ఇక్కడే, అక్కడ అతనికి ఎవరూ లేరు. మా ఆడవాళ్ళు అప్పటికే ఏడుపు మొదలుపెట్టారు.

"వైద్యమే అయితే ఇప్పుడు చేసి చూపించు. అదే మచ్చ రావాలి. రాకపోతే అందరూ లారీ ఎక్కాలి" అన్నాడు సెల్లప్పన్.

ఎవరి మీద చెయ్యాలి? చొక్కా విప్పినవాళ్ళలో ముద్రలేని వీపు ఒక్కటే ఉంది. దొర తన బెత్తంతో దాన్ని పొడిచి చూపించాడు.

కొమ్ము తెచ్చింది పాపమ్మ. పెట్టడానికీ తనే కూర్చుంది. అంచు చర్మానికి తగలగానే నేను ఎగిరిపడ్డాను. గాలి బుస్సుమని లోపలికి పోయింది. రెండోసారీ అంతే. చక్కిలిగింత అన్నాను. నవ్వినవాళ్ళు లేరు. దొర డ్రైవరుకు సైగ చేశాడు, లారీ ఇంజను మోగింది.

"కదిలినావంటే లారీలోకి నానే తోసేత్తాను" అంది పాపమ్మ నా చెవిలో. నా మెడ వంచి, మోకాలు నడుం మీద ఆనించి పీల్చింది.

వచ్చిన ప్రతివాడికీ ఇది దోమ కుట్టినంతే అని చెప్పాను నేను. నా వీపు తోలంతా ఆ చిల్లులోంచి బయటికి పోతోందనిపించింది. అమ్మో అని అరిచాను. లేత కొబ్బరి చెట్టెక్కి దిగలేని పిల్లాడిలా ఏడ్చాను. తుపాకుల ముందు నిలబడి కూడా అప్పడి జట్టు పగలబడి నవ్వింది.

కొమ్ము తీసేసరికి మచ్చ గుండ్రంగా తేలింది. దొర దాన్ని వేలితో నొక్కాడు, అప్పడి భుజం దగ్గరికి వెళ్ళి పోల్చుకున్నాడు. తర్వాత మా వైపు చూడకుండా లారీ ఎక్కాడు. లారీ ఖాళీగానే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి బోర్లా పడుకుని సాధించడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ కసీ ఒక్కసారే తీర్చుకున్నావన్నాను. మొగుడి మీద ఆమాత్రం జాలి లేదా అన్నాను. పాపమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. అది చూస్తే నాకు ఇంకా మంట. లేచి భుజం పట్టి ఇటు తిప్పాను.

పెదాలు రెండూ చిట్లి, వాచి ఉన్నాయి. చేతిలో మైనం ముద్ద ఎర్రగా ఉంది.

"మచ్చ రాకపోతే నిన్నట్టుకుపోతారని బయమేసినాది" అంది, మాట సరిగా తిరక్క. "ఊపిరి అయిపోయినాది. అయినా ఇడిసిపెట్టలేదు."

అంతసేపూ నేను నా వీపు గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. అప్పుడు కలిగిన సిగ్గు, అందరి ముందూ ఏడ్చినప్పుడు కూడా కలగలేదు.

పందెం ఓడిపోయాం. మెర్డేకా నాడు తోటంతా మిరియాలు దంచి వండిన మాంసం కూర తింటుంటే, పెదాలు మండుతాయని పాపమ్మ చప్పిడి గంజి తాగింది. నేనూ పక్కన కూర్చుని గంజే తాగాను. ఎందుకని అడిగినవాళ్ళకు వీపు నొప్పి అని చెప్పాను.