కొట్టేసిన ఎక్స్

"ఎక్స్ కొట్టేశాను" అంది కోడలు, భోజనాల బల్ల దగ్గర. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారికి అది "ఎగ్స్ కొట్టేశాను" అని వినబడింది. ఆవిడ ఫ్రిజ్ తెరిచి చూసుకున్నారు. గుడ్లు తగ్గినట్టే తోచింది. ఇంట్లో అడిగితే బాగుండదని, మేడమీద దర్జీ భార్య చెవిన వేసి వచ్చారు.

కోడలి గొడవ వేరు. మర్నాడు గోదాములో సూపర్‌వైజర్ ఉద్యోగానికి పరీక్ష. తప్పితే ఆ కుర్చీలో బయటివాళ్లు కూర్చుంటారు, తను మళ్లీ పెట్టెలు మొయ్యాలి. నడుము అప్పుడే రాజీనామా ఇస్తానంటోంది. లెక్కలు చెప్పే పని భర్తది. ఎలక్ట్రీషియన్ కదా, అడ్డొచ్చిన తీగను కత్తిరించినట్టే, రెండువైపులా కనబడ్డ అక్షరాన్ని కొట్టెయ్యడం అతని పద్ధతి.

లెక్క ఇది: ఒకే తలుపు దగ్గర నుంచి రెండు బళ్లు ఒకేసారి బయల్దేరాయి. x నిమిషాల్లో ఒకటి 5x మీటర్లు పోతుంది, రెండోది x² మీటర్లు. అవి ఎప్పుడెప్పుడు పక్కపక్కన ఉంటాయి? ఆమె x² = 5x అని రాసి, అటొక x, ఇటొక x కొట్టేసి, ఐదని తేల్చింది. పుస్తకం వెనక జవాబులు రెండున్నాయి: సున్నా, ఐదు.

అచ్చుతప్పు అన్నాడు భర్త. సున్నాకి విలువేముంది, వదిలెయ్యమన్నాడు.

"నేను వదిలేస్తే రేపు పరీక్షలో నాకు అదే చుడతారు" అంది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా బల్ల అంచున పక్కపక్కన పెట్టి, తొయ్యబోయి ఆగింది. "ఇవి కదలకముందు కూడా పక్కపక్కనే ఉన్నాయిగా. అదే బాబూ, నీ సున్నా."

భర్త డబ్బాలకేసి చూశాడు. సున్నాతో భాగించకూడదని అతనికీ తెలుసు. కొట్టెయ్యడమంటే భాగించడమేనని, ఆ x సున్నా అయ్యుండొచ్చని మాత్రం తట్టలేదు. ఆమె x² − 5x = 0 అని రాసి, x కామన్ తీసింది: x(x − 5) = 0. కొట్టేస్తే మాయమైన జవాబు, బయటికి తీస్తే బయటపడింది. అంతకుముందు చేసిన లెక్కలన్నీ మళ్లీ చేసింది.

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. అభినందించడానికి కిందికి దిగివచ్చిన దర్జీ భార్య, కూర్చుంటూనే గుడ్ల దొంగతనం సంగతి తేలిందా అని అత్తగారిని అడిగింది. ఆవిడ నసిగారు. కోడలికి అర్థమైంది.

"నేనన్నది ఎగ్స్ కాదండీ, లెక్కల్లో ఎక్స్" అని అందరికీ వినబడేట్టు చెప్పింది. "దాన్ని కూడా కొట్టెయ్యకూడదట."

అత్తగారు తేలిగ్గా ఊపిరి తీసుకుని, అప్పుడు కొడుకువైపు తిరిగారు. గుడ్లు మాత్రం నిజంగానే తగ్గాయి.