తూకం రోజు గీత

నేను ఒక వంకర గీతను. గళ్ల కాగితం మీద పుట్టాను. ఎడమవైపు కింద మొదలై, గబగబా పైకెక్కి, కాసేపు ఊపిరి పీల్చుకుని, ఆపైన నింపాదిగా దిగుతాను. ఈనిన గేదె పాలు కూడా అలాగే పెరిగి తగ్గుతాయి. అందుకే మనుషులు నాకొక సమీకరణం రాసి, గేదె ముందుముందు ఎన్ని పాలిస్తుందో నన్ను అడుగుతారు. గేదెను అడగరు.

నన్ను గీసింది హిమజ. గేదెల పరిశోధన క్షేత్రంలో కొత్తగా చేరిన డాక్టరు. అక్కడ రోజూ పాలన్నీ ఒకే క్యానులో పోసేస్తారు. నెలకోసారి మాత్రం అధికారులు దగ్గర నిలబడి ఒక్కో గేదె పాలూ విడిగా తూస్తారు. ఆ తూకాలే కాగితం మీద చుక్కలు. వాటి వెంటే నా నడక.

చంద్రి అనే తొలి ఈత గేదె దగ్గర నా నడక చెడింది. ఎక్కాల్సిన చోట ఎక్కలేదు, దిగడం మాత్రం జారుడుబల్ల మీద దిగినట్టు దిగాను. పెద్ద అధికారి నన్ను ఒక్క చూపు చూసి, "దీన్ని వేలంలో పెట్టేయండి" అన్నాడు. అక్కడ వేలానికెళ్లిన గొడ్డు కబేళాకే పోతుంది. నాకు సిగ్గేసింది. కానీ తప్పెక్కడుందో నాకు మాత్రం ఏం తెలుసు?

చంద్రికి పాలు పితికే సాంబ్రాజ్యం ఏడుపు ఆపుకోలేకపోయింది.

"దిష్టి తగిలింది డాక్టరమ్మా! మామూలు రోజుల్లో బకెట్టు నింపుద్ది. మీరంతా వచ్చిన రోజే నాలుగు ధారలు వదిలి మిగతాది పొదుగులోనే దాచుకుని ఎగచేపుద్ది."

హిమజ దిష్టిని నమ్మే మనిషి కాదు. కానీ "మామూలు రోజుల్లో" అన్న మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. మర్నాడు చెప్పాపెట్టకుండా నన్ను చంకన పెట్టుకుని పాకలోకి వెళ్లింది. సాంబ్రాజ్యం పేడ మరకల పాత చీరలో పాలకు కూర్చుంది. చంద్రి ఆ కొంగు వాసన చూసి, చెవులు వాల్చి, హాయిగా చేపింది. బకెట్టు నురగతో నిండిపోయింది.

"తూకం రోజు కూడా ఈ చీరే కట్టుకుంటావా?" అని అడిగింది హిమజ.

"ఎంత మాట! పెద్ద సార్లొస్తే ఈ కంపు చీరతో ఎట్టా కూచుంటాను? తలంటుకుని, ఉతికిన చీర కట్టి, పూలు పెట్టుకుని..."

సాంబ్రాజ్యం ఠక్కున ఆగిపోయింది. ఇద్దరూ చంద్రి వైపు చూశారు. ముదురు గేదెలు ఎవరు కూర్చున్నా ఇస్తాయి. ఈ పిల్ల గేదెకు మాత్రం తూకం రోజు తన పక్కన కూర్చున్నది ఎవరో పరాయి మనిషి.

ఇంకొక్క తూకం దాకా ఆగమని హిమజ పెద్ద అధికారిని బతిమాలింది. ఆ రోజు సాంబ్రాజ్యం పాత చీరలోనే వచ్చింది, సిగ్గుతో తలెత్తలేదు. ఆయన ముక్కు మూసుకున్నాడు. చంద్రి బకెట్టు నింపింది. వేలం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చంద్రికి ఇప్పుడు కొత్త గీత ఉంది. నాకంటే అందంగానే ఉంది, ఒప్పుకుంటాను. అయినా హిమజ నన్ను చించెయ్యలేదు. శిక్షణకొచ్చే పిల్లలకు చూపిస్తుంది.

"లెక్క తప్పారా మేడం?" అంటారు వాళ్లు.

"లెక్క సరిగ్గానే ఉంది" అంటుంది హిమజ. "మా మీద గౌరవంతో ఒకామె మంచి చీర కట్టుకుంది. దానికి నేను గేదెను చంపబోయాను."